కింద ఆకాశం, పైన భూమి: యీ జింగ్ 11వ గుర్తు గురించి

మీరు అడిగింది ఒక ప్రశ్నలా కనిపిస్తోంది కానీ అందులో నాలుగున్నాయి. బెంగళూరులో ఉద్యోగం మానేసి హైదరాబాదులో స్నేహితుడి వ్యాపారంలో చేరాలా అని గీతల గుర్తులతో జోస్యం చూసే పాత చైనా గ్రంథం ‘ఐ చింగ్’ పేరుతో మీ ఫోనులో ఉన్న యాప్‌ను అడిగారు. 11వ గుర్తు వచ్చింది. యాప్ దాని కింద ‘శాంతి, మహాశుభం’ అని రాసి, మూడో గీతను మాత్రం ఎర్రగా చూపించి ‘మారే గీత’ అంది. ఆకాశం కింద, భూమి పైన ఉన్న బొమ్మ శుభం ఎలా అవుతుందని మీ మొదటి సందేహం. ఆ ఎర్ర గీత సంగతేమిటని రెండోది. కంప్యూటర్ లెక్కలు ఈ గుర్తుల్లోంచే పుట్టాయంటారు, నిజమేనా అని మూడోది. నచ్చింది కాబట్టి ముంజేతి మీద పచ్చబొట్టు వేయించుకోవచ్చా అని చివరిది. ఆ చివరి ప్రశ్న మీరు సరదాగా అడిగినట్టున్నారు. నాకైతే అదే అసలు ప్రశ్న అనిపించింది. దాని దగ్గరికి రావాలంటే మాత్రం మిగతావాటి మీదుగానే రావాలి.

నా సంగతి రెండు మాటల్లో: పదకొండేళ్లు బీజింగ్‌లో దుబాసీగా పనిచేశాను. మందుల ముడిసరుకు కొనడానికి హైదరాబాదు నుంచి వచ్చేవారికీ, అమ్మే చైనావారికీ మధ్య మాట చేరవేయడం నా పని. సాయంత్రాలు ఒక రిటైరైన పంతులుగారి దగ్గర పాత చైనీస్ చదువుకున్నాను. జోస్యం చెప్పను. చెప్పించుకున్నదీ తక్కువే.

ముందు పేర్లు సరిచూసుకుందాం. ఇంగ్లీషు అక్షరాలు చూసి మనం ‘ఐ చింగ్’ అంటాం, చైనావారి నోట అది ‘యీ జింగ్’. యీ అంటే మార్పు, జింగ్ అంటే ప్రమాణ గ్రంథం. మీకు వచ్చిన గుర్తు పేరు థాయ్. మన ‘థ’లాగే ఒత్తి పలకాలి. దీన్ని ‘శాంతి’ అనడం 1924లో రిచర్డ్ విల్‌హెల్మ్ చేసిన జర్మన్ అనువాదం నుంచి ఇంగ్లీషులోకి, అక్కడి నుంచి మీ యాప్‌లోకి వచ్చింది. తప్పని అనను కానీ మనసు తప్పుదారి పడుతుంది. మనకు శాంతి అంటే అలజడి అణగడం, కదలిక ఆగడం. థాయ్ దానికి దాదాపు వ్యతిరేకం. యీ జింగ్‌కు అనుబంధంగా ఉన్న పాత వ్యాఖ్యల్లోనే దీనికి అర్థం ‘థోంగ్’ అని ఉంది. అంటే అడ్డు తొలగి రాకపోకలు సాగడం. కాలువలో పూడిక తీస్తే నీళ్లు కదిలినట్టు. ఇదే అక్షరం థాయ్ అనే మహాపర్వతం పేరులో ఉంది, చైనీస్‌లో థాయ్‌లాండ్ పేరులో ఉంది, టైటానిక్ ఓడ పేరులోనూ ఉంది. చివరి రెండూ శబ్దం కోసం వాడుకున్నవే. అయినా అక్షరం ఎంత శుభమైనదైనా ఓడను తేల్చలేదని మా పంతులుగారు నవ్వేవారు.

ఇక బొమ్మ. యీ జింగ్‌లో ఉన్నవి రెండే రకాల గీతలు: నిండు గీత, మధ్యలో తెగిన గీత. మూడేసి చొప్పున పేరిస్తే ఎనిమిది గుర్తులు, ఆరేసి చొప్పున పేరిస్తే అరవై నాలుగు. బడిలో గణవిభజన చేసినవారికి ఈ లెక్క ఎక్కడో తగులుతుంది. గురువు, లఘువు రెండే. మూడేసి అక్షరాలు తీసుకుంటే య, మ, త, ర, జ, భ, న, స అని ఎనిమిది గణాలు. పాదానికి ఆరు అక్షరాలుండే గాయత్రీ ఛందస్సుకు ప్రస్తారం వేస్తే, అంటే గురులఘువుల అమరికలన్నీ రాస్తే, సరిగ్గా 64 వృత్తాలు. నిండు గీతను గురువు అనుకుంటే మీ థాయ్ కింద మగణం, పైన నగణం. ఒక సాయంత్రం ఏమీ తోచక తనుమధ్య వృత్తాన్ని, అంటే త, య గణాలను, ఇలాగే కింది నుంచి పైకి గీసి చూశాను. యీ జింగ్ 61వ గుర్తు వచ్చింది. దాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది. ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నారని మాత్రం అనకండి. రెండు రకాల వస్తువుల్ని ఆరు చోట్ల అమర్చితే ఎవరికైనా 64 వస్తాయి.

కంప్యూటర్ కథ కూడా ఇలాంటిదే. జర్మన్ తత్త్వవేత్త లైబ్నిట్జ్ 0, 1లతో లెక్కలు చేసే పద్ధతిని 1679 నాటికే రాసుకున్నాడు. బీజింగ్‌లో ఉన్న బువే అనే ఫ్రెంచి క్రైస్తవ పాదరీ 64 గుర్తులున్న చక్రం బొమ్మను ఆయనకు పంపాడు. 1703లో అది చేతికందేసరికి లైబ్నిట్జ్ పొంగిపోయాడు, తన లెక్కను వేల ఏళ్ల కిందటే చైనావారు కనిపెట్టారనుకున్నాడు. అదే ఏడాది ఆ మాట వ్యాసంలోనూ రాశాడు. కానీ చైనాలో ఎవరూ ఈ గీతలతో కూడికలు, తీసివేతలు చేయలేదు. ఆ చక్రంలోని క్రమం కూడా 11వ శతాబ్దపు పండితుడు షావ్ యోంగ్‌ది, ప్రాచీన గ్రంథంలోది కాదు. మీ గుర్తును కింది నుంచి చదివితే 111000, అంటే 56. పై నుంచి చదివితే 7. అంతవరకే. కంప్యూటర్‌తో దీనికున్న నిజమైన బంధుత్వం చాలా చిన్నది: 2003లో 64 గుర్తులకూ యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లు వాడే అక్షరాల ఉమ్మడి పట్టికలో, చోటిచ్చారు. మీ ఫోను ఆ బొమ్మను అక్షరంలా చూపించగలుగుతున్నది అందువల్లే.

మీ అసలు సందేహానికి వద్దాం. కింద మూడు నిండు గీతలు, అది ఛియెన్, ఆకాశం. పైన మూడు తెగిన గీతలు, అది ఖున్, భూమి. చూడగానే తలకిందులనిపిస్తుంది. ఆకాశం పైన, భూమి కింద ఉన్న గుర్తు కూడా ఉంది, దీని పక్కనే, 12వది. దాని పేరు ఫి (పవర్గంలోని మహాప్రాణం, ఇంగ్లీషు ఎఫ్ కాదు). అన్నీ ఉండవలసిన చోట ఉన్నట్టు కనిపించే ఆ గుర్తుకే ‘మూసుకుపోవడం, స్తంభించడం’ అని అర్థం.

కారణం ఇదీ. ఈ గుర్తుల్లో వస్తువు ఎక్కడుందన్నది సగమే, ఎటు వెళుతోందన్నది మిగతా సగం. ఆకాశానిది పైకి పోయే స్వభావం, భూమిది కిందికి దిగే స్వభావం. ఆకాశం పైన ఉంటే ఇంకా పైకి పోతుంది. భూమి కింద ఉంటే ఇంకా కిందికి దిగుతుంది. ఇద్దరికీ ఇక కలయిక లేదు. థాయ్‌లో కింద ఉన్నది పైకి వస్తోంది, పైన ఉన్నది కిందికి దిగుతోంది, మధ్యలో కలుసుకుంటాయి. పొయ్యి కింద, ఎసరు పైన ఉంటేనే కదా అన్నం ఉడికేది. ‘ఆకాశమూ భూమీ కలిస్తే సకల వస్తువులకూ దారి తెరుచుకుంటుంది, పైవారూ కిందివారూ కలిస్తే వారి సంకల్పం ఒకటవుతుంది’ అని వ్యాఖ్య. రెండో సగం రాజుల కోసం రాసినది. రాజు సింహాసనం దిగి ప్రజల మాట వినాలి, ప్రజల గోడు పైకి చేరాలి. ఆరు గీతల్లో ఒక్కోదానికీ ఒక వాక్యం ఉంటుంది. ఐదోదాని మాట కూడా ఇదే: షాంగ్ వంశపు రాజు దీ యీ తన ఇంటి ఆడపడుచును ఇచ్చి పెళ్లి చేశాడు, అది మహాశుభం అని. ఆ వరుడు తన కింది సామంతుడైన ఝౌ ప్రభువు అని సంప్రదాయం. ఎత్తున ఉన్నది వంగింది.

బీజింగ్ వెళ్లే అవకాశం వస్తే రాజప్రాసాదంలో వెనక వైపు మూడు భవనాలు చూడండి. దక్షిణాన ఛియెన్ ఛింగ్, అంటే ఆకాశం పేరున్నది, చక్రవర్తిది. ఉత్తరాన ఖున్ నింగ్, భూమి పేరున్నది, పట్టమహిషిది. రెంటి మధ్య చిన్నదిగా, చతురస్రంగా ఉన్నది జియావ్ థాయ్ భవనం. ఆకాశమూ భూమీ కలిసే థాయ్ అని అర్థం. మీ ఫోనులో వచ్చిన గుర్తే అక్కడ భవనంగా నిలబడింది. చియెన్‌లోంగ్ చక్రవర్తి తన 25 రాజముద్రలను అందులోనే భద్రపరిచాడు. 1, 3, 5, 7, 9 కలిపితే 25. యీ జింగ్ సంప్రదాయంలో అది ఆకాశపు సంఖ్య. పర్యాటకులు సింహాసనాల ఫొటోల కోసం తోసుకుంటూ దీన్ని దాటి వెళ్లిపోతుంటారు. నేనూ మొదటి రెండు సార్లూ అలాగే దాటి వెళ్లాను.

ఈ కాలంలో సామాన్య చైనావారికి థాయ్ ఎక్కువగా ఎదురయ్యేది జోస్యంలో కాదు, కొత్త సంవత్సరపు శుభాకాంక్షల్లో. పన్నెండు నెలలకు పన్నెండు గుర్తులు కేటాయించిన పాత పద్ధతి ఒకటుంది. శీతాకాలంలో పగలు అతి చిన్నదైన నెలకు అడుగున ఒక్క నిండు గీత ఉన్న గుర్తు. మనం ఉత్తరాయణం లెక్క చూసుకున్నట్టు, వారు అడుగున తిరిగి మొలిచిన ఆ వెలుగు గీతను చూసుకుంటారు. తరువాతి నెలకు రెండు. కొత్త సంవత్సరం మొదటి నెలకు మూడు, అదే థాయ్. అందుకే ‘సాన్ యాంగ్ ఖాయ్ థాయ్’ అంటారు, మూడు యాంగ్‌లు థాయ్‌కి తలుపు తెరిచాయి అని. యాంగ్ అంటే వెలుగు, అదే ఉచ్చారణతో గొర్రె కూడా. 2015 గొర్రె సంవత్సరం. ఆ జనవరిలో నేను రోజూ నూడుల్స్ తినే హోటల్లో గోడకు కొత్త క్యాలెండర్ వేలాడదీశారు. దాని మీద మూడు గొర్రెలు, నెమ్మదిగా, కాస్త బొద్దుగా, ఉదయిస్తున్న సూర్యుణ్ని చూస్తూ ఉన్నాయి. వడ్డించే అమ్మాయిని యీ జింగ్ చదివావా అని అడిగాను. లేదంది. మరి ఈ గొర్రెలు ఎందుకంటే, ‘థాయ్ వస్తుంది కదా’ అంది. మూడు వేల ఏళ్ల దగ్గరి పాఠం ఒక ఊరి భాషలో ఎలా బతుకుతుందో నాకు అప్పుడు తెలిసింది.

మూడు వేల ఏళ్లంటే కొంచెం పెంచి చెప్పినట్టే. గుర్తులకు ఉన్న మూల వాక్యాలు సుమారు క్రీ.పూ. 9వ శతాబ్దం నాటివి. ఇందాక నేను చెప్పిన ‘ఆకాశమూ భూమీ కలిస్తే’ వంటి వ్యాఖ్యలు ఆ తరువాత కొన్ని వందల ఏళ్లకు చేరినవి. యాప్‌లు రెండింటినీ కలిపి ఒకే ముద్దగా వడ్డిస్తాయి. మూలంలో థాయ్‌కి ఉన్నది చిన్న వాక్యమే: ‘చిన్నది పోతుంది, పెద్దది వస్తుంది. శుభం, సాఫల్యం.’

ఈ వాక్యాన్ని ప్రాచీనులు నిజంగా ఎలా వాడారో చూపే కథ ఒకటుంది. జిన్ రాజ్యపు రాకుమారుడు ఛోంగ్ అర్ ఇంటి కలహాల వల్ల 19 ఏళ్లు పరాయి రాజ్యాల్లో తలదాచుకున్నాడు. క్రీ.పూ. 636లో స్వదేశానికి తిరిగి వస్తూ పసుపు నది దగ్గరికి చేరాడు. దోంగ్ యిన్ అనే ఆస్థాన ఉద్యోగి ఎదురొచ్చాడు. ‘నేను దాటగలనా?’ అని అడిగాడు రాకుమారుడు. అక్కడ వాడిన ‘జీ’ అనే మాటకు నది దాటడం అనీ, పని నెరవేరడం అనీ రెండర్థాలు. అనువాదకుల్ని ఏడిపించే మాట. తెలుగులో మాత్రం మనకు ఏ కష్టమూ లేదు: ‘నేను గట్టెక్కుతానా?’ దోంగ్ యిన్ గ్రహాల లెక్క చెప్పి, తాను వేసి చూస్తే థాయ్ వచ్చిందన్నాడు. చిన్నది పోయి పెద్దది వచ్చే వేళ ఇదే, గట్టెక్కకపోవడం ఏమిటి అన్నాడు. ఛోంగ్ అర్ నది దాటాడు, రాజయ్యాడు, నాలుగేళ్లకు చెంగ్‌పూ యుద్ధం గెలిచి ఆనాటి ప్రభువులందరికీ పెద్ద అయ్యాడు. యాప్‌లు చెప్పని ముక్క ఒకటుంది: ఆ రోజు నది ఒడ్డున అతని వెనక పొరుగు రాజు ఇచ్చిన సైన్యం కూడా ఉంది.

ఇదే గుర్తు మరొకచోట ఇంకోలా పలికింది. 6వ శతాబ్దంలో ఉత్తర ఛీ రాజ్యంలో జావ్ ఫూహ అనే జోస్యగాడు ఉండేవాడు. దూరాన ఉన్న తండ్రికి జబ్బని ఉత్తరం రాగా ఒకతను వచ్చి మరో జోస్యగాడి చేత వేయించుకున్నాడు. థాయ్ వచ్చింది. చాలా మంచిది, తగ్గిపోతుంది అని ఆ జోస్యగాడు చెప్పాడు, అతను సంతోషంగా వెళ్లాడు. అతను బయటికి వెళ్లాక జావ్ ఫూహ అన్నాడట: ‘థాయ్‌లో ఛియెన్ కింద, ఖున్ పైన. ఛియెన్ అంటే తండ్రి. తండ్రి మట్టి కిందికి వెళ్లాడు కదా, ఇది శుభం ఎలా అవుతుంది?’ తరువాత మరణవార్తే వచ్చిందని ఆ వంశ చరిత్రలో రాశారు. మీ సందేహం ఆయనకూ వచ్చిందన్నమాట, 1,400 ఏళ్ల కిందట. నేను ఈ కథను జోస్యం నిజమైందని చెప్పడానికి తీసుకోను. ప్రశ్నను పక్కన పెట్టి గుర్తు ఒక్కదాన్నే ‘మహాశుభం’ అనడం ఆ వృత్తిలో ఉన్నవారికే నచ్చలేదని చెప్పడానికి తీసుకుంటాను.

ఇప్పుడు మీ ఎర్ర గీత. మారే గీత అంటే నిండుదైతే తెగినదిగా, తెగినదైతే నిండుదిగా మారి గుర్తునే మరో గుర్తు చేసేది. మూడేసి నాణేలు ఆరు సార్లు వేసే పద్ధతిలో ఏ గీతైనా ‘మారే గీత’ అయ్యే అవకాశం నాలుగింట ఒకటి. ఆరు గీతల్లో సరిగ్గా ఒక్కటే మారేది అవడం వందకు 36 సార్లు జరుగుతుంది. కాబట్టి అదేదో మీ కోసమే వెలిగిన దీపం కాదు. (పాతకాలంలో 50 పుల్లలు తీసుకుని, ఒకటి పక్కన పెట్టి, 49తో విభజించుకుంటూ పోయేవారు. ఆ పద్ధతిలో నిండు గీత మారే అవకాశం తెగిన గీత మారేదానికి మూడింతలు. నాణేలతో రెండూ సమానం. ఈ తేడా ఎవరూ చెప్పరు.) 12వ శతాబ్దపు పండితుడు జూ షీ పెట్టిన నియమం ప్రకారం ఒక్క గీతే మారితే ఆ గీత వాక్యాన్నే చదవాలి. గీతలను కింది నుంచి లెక్కపెట్టాలి. మూడోది నిండు గీతల్లో చివరిది, ఆకాశపు అంచు. ఆ వాక్యం ఇలా ఉంటుంది:

‘వాలు రాని మైదానం లేదు. తిరిగి రాని పోక లేదు. కష్టంలో నిలకడగా ఉంటే తప్పు పట్టేదేమీ లేదు. నమ్మకం గురించి దిగులు పడకు. తిండి విషయంలో అదృష్టం ఉంది.’

నిలకడ, దిగులు అన్న మాటల మీద పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు, ఆ గొడవ మనకు వద్దు. మీ యాప్ ఈ వాక్యంలో ఎంత చూపించిందో తెలియదు. నేను చూసిన కొన్ని యాప్‌లు ఆ తిండి ముక్కను కత్తిరించేస్తాయి, గంభీరంగా లేదనేమో. ఉద్యోగం మానేయాలా అని అడిగినవారికి అన్నిటికన్నా సూటిగా తగిలేది అదే కదా! వ్యాపారం నిలదొక్కుకునేదాకా ఇంట్లో బియ్యం ఎలా వస్తాయన్నది తేల్చుకున్నారా? ఎన్ని నెలలకు సరిపడా ఉంది? స్నేహితుడితో లాభనష్టాల వాటాలు కాగితం మీద రాసుకున్నారా? నేను ఈ వాక్యాన్ని చదివితే నాకు వచ్చే ప్రశ్నలు ఇవి. ‘మైదానం, వాలు’ అన్న చోట నాకు మరొకటి తడుతుంది: ప్రస్తుతం మీ ఇద్దరి మధ్యా అంతా చదునుగా ఉంది కాబట్టే ఈ ఆలోచన వచ్చింది. వాలు వచ్చినప్పుడు ఏం చేయాలో చదునుగా ఉన్నప్పుడే మాట్లాడుకోవాలి.

ఆ గీత మారితే గుర్తు 19వదైన ‘లిన్’ అవుతుంది, దగ్గరికి రావడం అని అర్థం. దాని మూల వాక్యంలో ‘ఎనిమిదో నెలకు కీడు’ అని ఉంటుంది. యాప్ దాన్నీ చూపించి ఉంటే భయపడి ఆగస్టు మీద గీత కొట్టకండి. జూ షీ నియమం ప్రకారం మీరు దాన్ని చదవనే అక్కర్లేదు, పైగా ఆ నెల చాంద్రమాన లెక్కది.

మిగతా గీతల్లో మీరు తప్పక చూడవలసినవి రెండు. మొదటిది గడ్డి గురించి: ఒక దుబ్బు పీకితే వేళ్లతో పెనవేసుకున్న దుబ్బులన్నీ కూడా వస్తాయి, బయలుదేరితే శుభం. ఒకరు కదిలితే తోటివారంతా కదులుతారని. మీ స్నేహితుడి పిలుపు ఇలాంటిదే. చిత్రమేమిటంటే మూసుకుపోయే ఫి గుర్తులోనూ మొదటి గీత ఇదే గడ్డి, ఇవే వేళ్లు. ‘బయలుదేరితే శుభం’ అన్న చోట ‘నిలకడగా ఉంటే శుభం, సాఫల్యం’ అని ఉంటుంది, అంతే తేడా. స్నేహితుల గుంపు రెండు కాలాల్లోనూ ఒకేలా కనిపిస్తుంది. కదలాలా, ఉన్నచోటే ఉండాలా అన్నది గడ్డి చెప్పదు.

చివరిదైన ఆరో గీత: ‘గోడ తిరిగి కందకంలో పడుతుంది. సైన్యాన్ని ప్రయోగించకు.’ ఓరుగల్లు మట్టికోట చూసి ఉంటే ఇది వెంటనే అర్థమవుతుంది. ప్రాచీన చైనా నగరాల గోడలు కూడా మట్టిని పొరలుగా పోసి దిమ్మిసతో కొట్టి కట్టినవే. గోడ లేవాలంటే మట్టి తవ్వాలి, తవ్విన చోటు కందకం అవుతుంది. గోడ కూలినప్పుడు ఆ మట్టి ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికే పోతుంది. ఎవరూ ఏదీ కొత్తగా ధ్వంసం చేయలేదు, ఎత్తు కాస్తా పల్లమైంది. శుభ గుర్తు అని పేరున్నదాని చివరి బొమ్మ ఇది. యాప్‌లో ‘మహాశుభం’ అని రాసినవారు పై గీతదాకా వచ్చారా అని నాకు అనుమానం.

మరి దీన్ని నమ్మాలా? బీజింగ్‌లో యోంగ్‌హ గోంగ్ ఆలయం ముందు వీధిలో పిల్లలకు పేర్లు పెట్టే దుకాణాలు, ఇంటికి వాస్తు చెప్పేవారు, గుర్తులు వేసి చూసేవారు నేనున్న రోజుల్లో వరసగా ఉండేవారు, బేరాలు బాగానే సాగేవి. విశ్వవిద్యాలయాల్లో యీ జింగ్‌ను తత్త్వశాస్త్రంగా, పురాతత్త్వంగా చదివేవారు వారిని చూసి తల పక్కకు తిప్పుకునేవారు. బయటి దేశాల్లో 1950లో యుంగ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ముందుమాటతో ఇంగ్లీషు అనువాదం వచ్చాక దీనికి వేరే జీవితం మొదలైంది. జాన్ కేజ్ అనే అమెరికా సంగీతకారుడు 1951లో నాణేలు వేసి ఏ స్వరం తరువాత ఏ స్వరం రావాలో తేల్చుకున్నాడు, తన ఇష్టాయిష్టాలు సంగీతంలో దూరకుండా. దక్షిణ కొరియా జెండా నాలుగు మూలలా ఉన్నవి ఈ ఎనిమిది గుర్తుల్లో నాలుగే. ఎడమ పై మూల ఆకాశం, కుడి కింది మూల భూమి. మన ఊళ్లలో ఫెంగ్‌షుయ్ దుకాణాల్లో అమ్మే పాకువా అద్దం చుట్టూ ఉన్నవీ ఇవే, వాటి గురించి మీరు అడగలేదు కాబట్టి వదిలేస్తున్నాను.

నా వరకు నేను క్రీ.పూ. 3వ శతాబ్దపు చైనా తత్త్వవేత్త షుంజి మాట పట్టుకున్నాను: యీ జింగ్ బాగా తెలిసినవాడు దానితో జోస్యం చూడడు. మీరు చూడవద్దని అనడం లేదు. నాణేలు వేయండి, వచ్చిన వాక్యం మీలో ఏ ప్రశ్న లేపిందో కాగితం మీద రాసుకోండి. రెండు రోజులాగి అదే ప్రశ్న మీ ఇంట్లోవాళ్ల ముందు పెట్టండి. ఇష్టమైన గుర్తు వచ్చేదాకా మళ్లీ మళ్లీ వేయడం మాత్రం వద్దు. నాలుగో గుర్తు కింద దానికీ ఒక వాక్యం ఉంది: మొదటిసారి అడిగితే చెబుతాను, రెండోసారి, మూడోసారి అడిగితే విసిగించడమే, విసిగిస్తే చెప్పను అని.

ఇక పచ్చబొట్టు. ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. తిరిగి వచ్చాక ఒక ఏడాది చైనా కొత్త సంవత్సరానికి, హైదరాబాదు వచ్చిన చైనా అతిథులకు విందు ఏర్పాటు చేస్తూ ఆహ్వానపత్రిక మీద థాయ్ వేయిద్దామని సలహా ఇచ్చింది నేనే. చక్కగా గీసి ఇచ్చాను. ప్రెస్సులో కూర్చినవారికి నిండు గీతలు పైన, తెగినవి కింద ఉంటే బాగుంటుందని తోచినట్టుంది, బొమ్మను తిప్పేశారు. నేను ప్రూఫులో ఇంగ్లీషు స్పెల్లింగులు చూశాను, గుర్తు చూడలేదు. రెండు వందల కార్డులూ ‘మీకు అన్ని దారులూ మూసుకుపోవుగాక’ అంటూ వెళ్లాయి. విందు రోజున ఒక పెద్దాయన కార్డు తీసి చూశారు. నా వైపు ఒకసారి చూశారు. ఏమీ అనకుండా దాన్ని తలకిందులు చేసి, అలాగే జేబులో పెట్టుకున్నారు. నేను క్షమించమనబోతే, ‘ఫి చివరంటా వెళితే థాయ్ వస్తుంది’ అన్నారు. చైనీస్‌లో అది రోజూ వాడే సామెతే. ఆ పూట నా చెవులకు కొత్తగా వినిపించింది.

అందుకని అడుగుతున్నాను: ముంజేతి మీద ఎటు తిప్పి వేయిస్తారు? చేయి పైకెత్తి చూసుకున్నప్పుడు మీకు నిటారుగా కనిపించేలా వేస్తే, చేయి వేలాడేసి నడిచినప్పుడు ఎదుటివారికి అది ఫి. వారికి సరిగా కనిపించేలా వేస్తే మీరు రోజూ పొద్దున చూసుకునేది ఫి. 64లో ఎటు తిప్పినా ఒకేలా ఉండేవి ఎనిమిదే, థాయ్ వాటిలో లేదు. తప్పదనుకుంటే ఇందాక తనుమధ్యను గీస్తే వచ్చిన 61వ గుర్తును చూడండి: రెండు నిండు గీతలు, రెండు తెగినవి, మళ్లీ రెండు నిండువి. పేరు ‘జోంగ్ ఫూ’, లోపలి నమ్మకం. దాన్ని ఏ పచ్చబొట్టు కళాకారుడూ తలకిందులుగా వేయలేడు.